తెగిన కట్ట సిలబస్‌లో లేదు

సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థులు నాలుగేళ్లూ నిలబడ్డ కట్టడాల గురించే చదువుతారు. ఆ శాస్త్రాన్ని దిద్దినవి మాత్రం కూలిన కట్టడాలు. వాటిని తరగతి గదిలోకి రానివ్వకపోవడమే మన సివిల్ చదువులోని అసలు లోటు.

సివిల్ ఇంజినీరింగ్ చదివే నాలుగేళ్లలో ఒక వస్తువు కళ్లెదుట విఫలం కావడాన్ని విద్యార్థి చూసే సందర్భాలు చాలా తక్కువ. అందరికీ ఎదురయ్యేది కాంక్రీటు ల్యాబ్‌లో క్యూబ్ పరీక్ష. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబ్‌ను 28 రోజులు నీళ్లలో నానబెట్టి, మెషిన్‌లో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. ఎంత బరువు దగ్గర పగిలిందో ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్లు అబ్జర్వేషన్ పుస్తకంలో రాసుకుంటారు. ముక్కలు ల్యాబ్ వెనక కుప్పలోకి పోతాయి. పగుళ్లు ఏ దిక్కున పారాయి, కంకర రాయే విరిగిందా లేక దాని చుట్టూ ఉన్న సిమెంటు పట్టు వదిలిందా, నాలుగు పక్కలా సమానంగా చిట్లిందా లేక ఒకవైపే ఒరిగిందా అని ఆగి చూసేవారు అరుదు. నిజానికి పరీక్ష ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 516 ఆ సంగతి కూడా అడుగుతుంది. పగిలిన తీరు మామూలుగా లేకపోతే నివేదికలో రాయమంటుంది. రికార్డు పుస్తకాల్లో దానికి గడి ఉండటం అరుదు. పగిలిన తీరు రాయలేదని మార్కులు తగ్గించే పరీక్షకులూ అరుదే.

అంకె మిగిలి, కారణం కుప్పలోకి పోవడం ఒక్క ల్యాబ్‌తో ఆగలేదు. సివిల్ పాఠ్యక్రమం మొత్తం ఇదే పద్ధతిలో అల్లుకుని ఉంది. దూలం ఎంత భారం మోస్తుంది, కాలువలో ఎంత నీరు పారుతుంది, పునాది కింద మట్టి ఎంత ఓర్చుకుంటుంది అన్న ప్రశ్నలకు సూత్రాలు నేర్పుతాం. ఆ సూత్రం ఏ ప్రమాదం తర్వాత పుట్టింది, అంతకుముందున్న సూత్రం ఎక్కడ మోసం చేసింది, ఈ సూత్రాన్నీ నమ్మకూడని చోటు ఏది అన్నది నేర్పం. కూలిన కట్టడాల అధ్యయనాన్ని ఐచ్ఛిక సబ్జెక్టుగానో, సెమినార్ అంశంగానో పక్కన పెడితే సరిపోదనీ, ప్రతి సబ్జెక్టు మధ్యలో దాన్ని కూర్చోబెట్టాలనీ ఈ వ్యాసం వాదన. దీనికి సాక్ష్యాలు వెతుక్కుంటూ దూరం వెళ్లనక్కర్లేదు. గోదావరి, కృష్ణా, చెయ్యేరు, కడెం ఒడ్డునే దొరుకుతాయి.

సూత్రం వెనక గండి

ఇసుక నేలల మీద ఆనకట్టలు కట్టే పాఠాన్నే తీసుకుందాం. విద్యార్థులు మొదట బ్లై సిద్ధాంతం, తర్వాత ఖోస్లా సిద్ధాంతం చదువుతారు. పరీక్షలో వచ్చేది దాదాపు ఎప్పుడూ లెక్కే. ఫలానా బిందువు దగ్గర నీటి పీడనం ఎంత, నీరు బయటికొచ్చే చోట ఎగ్జిట్ గ్రేడియంట్ ఎంత అని అడుగుతారు. ఈ పాఠం ఎలా పుట్టిందో చూస్తే అడుగడుగునా ఒక పతనం కనిపిస్తుంది. 1895లో చీనాబ్ నది మీది ఖాంకీ వీయర్ దెబ్బతింది. 1898లో గంగ మీది నరోరా వీయర్ విఫలమైంది. కట్టడం పైనుంచి పోయే నీటికంటే అడుగున ఇసుకలోంచి దూరి పోయే నీరు ఎక్కువ ప్రమాదమని ఇంజినీర్లకు అప్పుడు గట్టిగా తెలిసొచ్చింది. 1910లో బ్లై సూత్రం వచ్చింది. ఆ సూత్రం ప్రకారం కట్టిన ఎగువ చీనాబ్ కాలువ సైఫన్లు 1926-27 ప్రాంతంలో ఇబ్బంది పెట్టాయి. ఎ.ఎన్. ఖోస్లా, సహచరులు వాటి అడుగుకు పైపులు దించి పీడనాలు కొలిచారు. లెక్క చెప్పిన అంకెకూ పైపు చూపిన అంకెకూ పొంతన కుదరలేదు. ఆ తేడాను వెంటాడి వారు వెలువరించిన 1936 నాటి గ్రంథమే ఈనాటికీ తరగతిలో చెప్పే పాఠం. ఒక సూత్రాన్ని మరో సూత్రం ఓడించిన కథ కాదిది. సూత్రానికి లొంగని కట్టడం దగ్గరికి వెళ్లి కొలిచిన కథ. విద్యార్థికి అందేది మాత్రం ఖోస్లా గీసిన వక్రరేఖలు, వాటిమీద ఒక లెక్క.

ఆ లెక్కకు మన కాలంలో ఎంత విలువుందో 2023 అక్టోబరు 21న తెలిసింది. ఆ రోజు తెలంగాణలో గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. 2019 జూన్‌లో ప్రారంభమైన కట్టడం అది. పరిశీలనకు వచ్చిన జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ బృందం, పునాది ర్యాఫ్ట్ కింది ఇసుక నీటితో పాటు కొట్టుకుపోవడమే ప్రధాన కారణం కావచ్చని భావించింది. ప్రణాళిక, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నింటిలోనూ లోపాలు కలిసొచ్చాయని నివేదికలో రాసింది. ఆ నివేదిక మీద రాజకీయంగానూ సాంకేతికంగానూ వాదోపవాదాలు చాలా జరిగాయి. ఎవరిది తప్పో తేల్చే పని ఈ వ్యాసానిది కాదు. గమనించాల్సింది ఒక్కటే. రాష్ట్రమంతా నెలల తరబడి మాట్లాడుకున్న ఆ సమస్య, మూడో ఏడాది సివిల్ విద్యార్థి పుస్తకంలో ఉన్న అధ్యాయమే. కటాఫ్ గోడ ఎందుకు కావాలి, దానికీ ర్యాఫ్ట్‌కూ మధ్య అతుకు దగ్గర చిన్న సందు ఉంటే ఏమవుతుంది, దిగువన పరిచిన కాంక్రీటు దిమ్మెలు కదిలిపోతే ఇసుక ఎటు పోతుంది, వరద తగ్గాక నది అడుగును కొలిచి చూడకపోతే నష్టమేమిటి? ఈ ప్రశ్నలన్నీ ఖోస్లా లెక్క చుట్టూ సహజంగా అల్లుకునేవే. వీటిని అడగని తరగతిలో ఎగ్జిట్ గ్రేడియంట్ అంటే పరీక్షకు బట్టీ పట్టే భిన్నం మాత్రమే. ఇసుక మీద దాన్ని ఆరో వంతు, ఏడో వంతు దాటనివ్వకూడదని ఎందుకంటారో విద్యార్థికి తట్టదు.

హైడ్రాలజీదీ అదే దారి. గరిష్ఠ వరద అంచనా పాఠంలో డికెన్స్, రైవ్స్, ఇంగ్లిస్ సూత్రాల పక్కన అలీ నవాజ్ జంగ్ బహదూర్ సూత్రం కూడా వస్తుంది. పాత హైదరాబాద్ రాజ్యంలోని పరీవాహకాల కోసం దాన్ని రూపొందించింది నిజాంసాగర్ కట్టించిన ఇంజినీరు. ఆయన పుట్టినరోజైన జులై 11ను తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. సూత్రంలో వైశాల్యం వేస్తే వరద వస్తుంది. ఆ వరదకు స్పిల్‌వే కడతారు. అంచనా తప్పితే? 1958 ఆగస్టులో ఆదిలాబాద్ ప్రాంతంలోని కడెం ప్రాజెక్టు దగ్గర అదే జరిగింది. 2.4 మీటర్ల ఫ్రీబోర్డు వదిలినా నీరు కట్టమీద 46 సెంటీమీటర్ల ఎత్తున పొర్లింది. ఎడమ పక్క 137 మీటర్ల మేర గండి పడింది. తర్వాత అదనంగా గేట్లు కట్టి స్పిల్‌వేను పెంచారు. అయినా 2022 జులైలో ప్రాజెక్టు వదలగలిగినదానికంటే చాలా ఎక్కువ వరద వచ్చిపడింది. 18 గేట్లలో ఒకటి ఎత్తలేకపోయారు. కట్ట అప్పటికి గట్టెక్కింది. అంతకు ఎనిమిది నెలల ముందు, 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టుకు ఆ అదృష్టం దక్కలేదు. ఎగువన పింఛా కట్ట తెగి వచ్చిన వరద కూడా తోడై, నీరు మట్టికట్ట మీదుగా పొర్లి దాన్ని కోసుకుపోయింది. దిగువ గ్రామాల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. కడెం, చెయ్యేరు పక్కపక్కన పెట్టి చదివిన విద్యార్థికి మూడు విషయాలు ఒక్కసారిగా అర్థమవుతాయి. మట్టికట్ట పైనుంచి నీరు పొర్లనివ్వకూడదు. ఎగువ కట్ట తెగితే దిగువ లెక్క మారిపోతుంది. ఎత్తలేని గేటును లెక్కలో గేటుగా వేసుకోకూడదు. సూత్రం ఒంటరిగా ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పదు.

కాలేజీ బ్లాకుకు స్లాబు వేస్తున్నప్పుడు ఏ విద్యార్థి అయినా చూడగలిగిన ఉదాహరణ ఇంకోటి ఉంది. పిల్లర్లలో నిలువు కమ్మీల చుట్టూ కట్టే రింగుల కొనలను 135 డిగ్రీలు లోపలికి వంచాలని ఐఎస్ 13920 చెబుతుంది. కడ్డీలు వంచేవారికి 90 డిగ్రీలే సులువు. పుస్తకంలో అదొక నిబంధనగా, బొమ్మలో చిన్న కొక్కెంగా కనిపిస్తుంది. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపంలో కూలిన భవనాల పిల్లర్లను చూసినవారికి అది కొక్కెంలా కనిపించదు. భూమి ఊగినప్పుడు పైన కాంక్రీటు రాలిపోతుంది, 90 డిగ్రీల కొన విచ్చుకుంటుంది, రింగు ఊడుతుంది, నిలువు కమ్మీలు వంగిపోతాయి. కింద పార్కింగ్ కోసం గోడల్లేకుండా వదిలిన అంతస్తులు అహ్మదాబాద్‌లో ఎలా నలిగిపోయాయో చూశాకే ఆ ‘మెత్తని అంతస్తు’ మీద మన ప్రమాణాల్లో పట్టు బిగిసింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అపార్ట్‌మెంట్లన్నీ దాదాపు అదే నమూనాలో పార్కింగ్ మీద నిలబడి ఉన్నవే. విద్యార్థి రోజూ దాటివెళ్లే భవనాలు అవి. ఇక లెక్కకు అసలు పైచదువే అక్కర్లేదనే ఉదాహరణ అమెరికాలోని కాన్సస్ సిటీది. 1981 జులై 17న ఒక హోటల్లో వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. రెండు వంతెనలనూ ఒకే పొడవాటి కడ్డీలకు వేలాడదీయాలన్నది మొదటి డ్రాయింగు. పని సులువుకోసం కింది వంతెనను పై వంతెనకే వేలాడదీశారు. దాంతో పై వంతెన నట్టు మీద భారం రెండింతలైంది. మొదటి ఏడాది మెకానిక్స్‌లో నేర్పే ఫ్రీ బాడీ డయాగ్రమ్ ఒకటి గీస్తే తేలిపోయే లెక్క అది. ఎవరూ గీయలేదు.

నాలుగేళ్ల దారి

ఇలాంటి పాఠాలకు మన విద్యార్థి ఎందుకు దూరమవుతున్నాడో తెలియాలంటే ఆ నాలుగేళ్ల దారి చూడాలి. మొదటి ఏడాది అన్ని బ్రాంచీలకూ ఉమ్మడిగా గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్. రెండో ఏడాది స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, సర్వేయింగ్. మూడో ఏడాది కాంక్రీటు, సాయిల్ మెకానిక్స్, ఇరిగేషన్, ట్రాన్స్‌పోర్టేషన్. నాలుగో ఏడాది ఎస్టిమేషన్, ఐచ్ఛికాలు, ప్రాజెక్టు. సెమిస్టరుకు రెండు మిడ్ పరీక్షలు, యూనిట్ల వారీగా విభజించిన ప్రశ్నపత్రం. పాత ప్రశ్నపత్రాలు నాలుగు తిరగేస్తే పాసయ్యే దారి తెలుస్తుంది. ప్రాజెక్టు అనగానే ఎక్కువమంది ఎంచుకునేది స్టాడ్ ప్రోలో నాలుగైదు అంతస్తుల భవనం డిజైన్. సాఫ్ట్‌వేర్ కట్టడం సొంత బరువును తనే లెక్కవేసుకుంటుంది, ఆకుపచ్చ గుర్తు చూపిస్తుంది, నివేదిక ముద్రణకు వెళుతుంది. కెనడాలో 1907లో నిర్మాణంలోనే కూలి 75 మంది కార్మికులను బలిగొన్న క్యూబెక్ వంతెన తడబడింది సరిగ్గా సొంత బరువు దగ్గరే. పొడవు పెంచాక బరువును మళ్లీ లెక్కించలేదు. ఆ సంగతి తెలిసినవారు ఆకుపచ్చ గుర్తును చూసే చూపు వేరుగా ఉంటుంది. ఇండస్ట్రియల్ విజిట్‌లో డ్యామ్ మీద నిలబడి గ్రూపు ఫొటో దిగడం ఉంటుంది. డ్యామ్ లోపలి గ్యాలరీలో ఊట నీరు ఎంత వస్తోందో కొలిచే వి-నాచ్‌ను చూపించి, గతేడాది అంకెతో పోల్చమనడం ఉండదు.

మహనీయుల స్మరణ కూడా ఇలాగే సాగుతుంది. సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య చిత్రపటానికి దండ వేయని సివిల్ విభాగం ఉండదు. తెలుగు నేలతో ఆయన బంధం ఒక విపత్తుతో ముడిపడింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టనపెట్టుకుంది. మరుసటి ఏడాది ఆయన వచ్చి చేసిన మొదటి పని వానలు, వాగులు, చెరువుల లెక్క తీయడం. ఎగువన గొలుసుకట్టుగా ఉన్న చెరువుల్లో రెండు వందలకు పైగా తెగి వరదకు తోడయ్యాయని ఆయన గుర్తించారు. ఆ అధ్యయనం నుంచే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ రూపుదిద్దుకున్నాయి. కూలిన దాన్నీ తెగిన దాన్నీ వరుసగా లెక్కపెట్టి, కారణం తేల్చి, ఆపైన కొత్తది కట్టడం ఆయన పద్ధతి. దండ పటానికి పడుతోంది, పద్ధతి మాత్రం పాఠంలోకి రావడం లేదు.

దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. కట్టడం పూర్తయ్యాక మొదలయ్యే జీవితం విద్యార్థి ఊహకే అందదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. 33 గేట్లున్న ఆ డ్యామ్ 1953 నాటిది. కర్ణాటకతో పాటు రాయలసీమ ఆయకట్టు దాని మీద ఆధారపడి ఉంది. రైతులు నీళ్లు వృథాగా పోతుంటే గుండెలు చిక్కబట్టుకు చూశారు. పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్ దిమ్మెలు దించి వారం రోజుల్లోనే దారి మూయించింది విశ్రాంత గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలోని బృందం. గేట్ల రకాలు మన పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉన్నాయి. గొలుసు ఎన్నేళ్లు పనిచేస్తుంది, తుప్పును ఎలా కొలవాలి, తెగితే ముందుగా ఏం చేయాలి అన్నవి లేవు. దేశంలో పెద్ద డ్యాములు ఐదు వేలకు పైగా ఉన్నాయి, వాటిలో యాభై ఏళ్లు దాటినవే వెయ్యికి మించి ఉంటాయి. నేటి విద్యార్థి ఉద్యోగ జీవితంలో కొత్త డ్యాము కట్టే అవకాశం కంటే పాత డ్యాముకు, పాత వంతెనకు, పాత వాటర్ ట్యాంకుకు ఇంకెంత ఆయుష్షుందో చెప్పాల్సి వచ్చే అవకాశమే ఎక్కువ. పాఠ్యక్రమం మాత్రం ఇప్పటికీ అతన్ని ఖాళీ స్థలం ముందే నిలబెడుతోంది.

ఎదురు వాదనలు

ఈ వాదనకు మొదట ఎదురయ్యే మాట: కట్టడాలు కూలేది విద్య లేక కాదు, అవినీతి వల్ల. కాంట్రాక్టరు సిమెంటు తగ్గిస్తాడు, అధికారి కళ్లు మూసుకుంటాడు, పాఠం మారితే ఏం ఒరుగుతుంది? ఈ మాటలో నిజముంది. కానీ అది సగం నిజం. కాన్సస్ సిటీ వంతెనలు లంచంతో కూలలేదు, మారిన డ్రాయింగును ఎవరూ సరిచూడకపోవడంతో కూలాయి. ఖాంకీ, నరోరాల దగ్గర తెలియనితనమే శత్రువు. ఇక అవినీతి నిజంగా కారణమైన చోట కూడా అది ఏదో ఒక సాంకేతిక దారిలోంచే ప్రవేశిస్తుంది. మెజర్‌మెంట్ బుక్‌లో రాసిన మందంలో, క్యూబ్ పరీక్ష అంకెలో, తనిఖీ చేయకుండా పెట్టిన సంతకంలో అది దాక్కుంటుంది. రేపు ఆ సంతకం పెట్టాల్సింది ఈ విద్యార్థే. 2022 అక్టోబరు 30న మోర్బీలో వేలాడే వంతెన తెగి 135 మంది చనిపోయారు. మరమ్మతు చేసి తెరిచిన కొద్దిరోజులకే ఆ ఘోరం జరిగింది. దర్యాప్తు బృందం ప్రధాన తాడులోని 49 తీగల్లో 22 అప్పటికే తుప్పుపట్టి ఉన్నాయని, పాత సస్పెండర్లకే కొత్తవి వెల్డింగ్ చేశారని తేల్చింది. దాన్ని నిర్వాహకుల నిర్లక్ష్యమని తిట్టి ఊరుకోవచ్చు. లేదా తాడులోని తీగలను ఎలా పరీక్షించాలి, ఎన్ని తెగితే వంతెన మూసేయాలి అని తరగతిలో అడగొచ్చు. నీతిని పాఠంగా చెప్పి ఒప్పించడం కష్టం. తన సంతకం కింద ఏం జరగవచ్చో తెలిసినవాడు చెయ్యి ఆపే అవకాశం మాత్రం పెరుగుతుంది.

రెండో మాట అధ్యాపకులది. మూలసూత్రాలకే సమయం చాలడం లేదు, సిలబస్ పూర్తిచేయడమే గగనం, అందులో ఈ కథలెక్కడ ఇరికిస్తామంటారు. వారి కష్టం అసలైనదే. అయితే కూలిన కట్టడాన్ని మూలసూత్రానికి పోటీగా చూడటంలోనే పొరపాటుంది. హోటల్ వంతెన నట్టు లెక్క మెకానిక్స్ సిలబస్ బయటిది కాదు. కడెం గండి హైడ్రాలజీ యూనిట్‌కు అదనం కాదు. బోర్డు మీద ఎలాగూ చేయాల్సిన లెక్కను ‘ఒక దూలం తీసుకుందాం’ అని కాకుండా ‘ఈ వంతెనను తీసుకుందాం’ అని మొదలుపెడితే నిమిషాలేమీ ఎక్కువ పట్టవు. మట్టికట్టకు బుంగ ఎందుకు పడుతుందో చెప్పకుండా సీపేజ్ లెక్క చెబితే విద్యార్థి దాన్ని రెండుసార్లు చదవాలి, పరీక్షకు ఒకసారి, ఉద్యోగంలో చేరాక మళ్లీ ఒకసారి. ఆ రెండో చదువుకు అయ్యే ఖర్చు ఊళ్లు భరించాల్సి వస్తుంది.

మూడో అభ్యంతరం మరింత గట్టిది. ఇటీవలి ప్రమాదాలన్నీ కోర్టుల్లోనో కమిషన్ల ముందో ఉంటాయి. రాజకీయం పులుముకుని ఉంటాయి. సగం తెలిసిన కారణాలతో విద్యార్థులకు తీర్పులు నేర్పడం అపాయం కాదా? అపాయమే. కాబట్టి తీర్పు నేర్పొద్దు, కారణాలను వేరుచేసి చూడటం నేర్పాలి. ఎవరు బాధ్యులు అన్నది న్యాయస్థానం ప్రశ్న, ఇసుక ఎటు పోయింది అన్నది తరగతి ప్రశ్న. వివాదం తేలనిచోట రెండు సాంకేతిక వాదనలనూ పక్కపక్కన పెట్టి, ఏది తేలాలంటే ఏ కొలత కావాలో అడగడం ఖోస్లా చేసిన పనే. అదీ వద్దనుకుంటే వివాదాలు చల్లారిన పాత కేసులు కావలసినన్ని ఉన్నాయి. బ్రిటన్‌లో నిర్మాణ రంగం ఒక అడుగు ముందుకేసి, కూలకుండా తప్పిపోయిన ప్రమాదాలను సైతం పేర్లు బయటపెట్టకుండా ఇంజినీర్లు తెలియజేసే ‘క్రాస్’ అనే వ్యవస్థను నడుపుతోంది. విమానయానంలో ప్రమాద నివేదికలు నిందలు వేయడానికి కాక పాఠం తీయడానికే అన్నది అంతర్జాతీయ నియమం. మన దగ్గర విచారణ నివేదికలోని సాంకేతిక అనుబంధాలు బయటికి రావడమే కష్టం. ప్రభుత్వాలు ముందుగా మార్చుకోవాల్సింది ఈ అలవాటును.

చివరి అభ్యంతరం మనసుకు సంబంధించినది. కంప్యూటర్ సైన్స్ ముందు సివిల్ సీట్లు నిండటమే కష్టమైన రోజుల్లో, కూలినవాటి గురించే చెబితే ఉన్నవారూ బెదిరిపోరా? పైగా కూలేవి కొన్ని, నిలిచేవి వేలు, కూలినవాటినే చూపడం అన్యాయం కాదా? వైద్య విద్యార్థి శరీరశాస్త్రంతో పాటు రోగలక్షణ శాస్త్రమూ చదువుతాడు, దానివల్ల వైద్యం మీద నమ్మకం పోగొట్టుకోడు. నిలిచినవాటినీ చూపించాలన్న మాట మాత్రం ఒప్పుకోవలసిందే. ఇంజినీరు కాటన్ 1847-52 మధ్య ధవళేశ్వరం దగ్గర గోదావరి ఇసుక మీదే ఆనకట్ట కట్టారు. కావేరి మీది కల్లణై ఇసుకలో వదులు రాళ్లతో ఎలా నిలిచిందో గమనించి నేర్చుకున్నదే ఆయన ధైర్యం. అలాంటిదే పాత కృష్ణా ఆనకట్ట, వందేళ్ల దరిదాపు సేవ చేసి 1952లో తెగింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957కల్లా వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో ఆ బ్యారేజీని పడవలు వచ్చి గుద్దుకున్నాయి. గేట్ల కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి, బ్యారేజీ నిలిచింది. ఎందుకు నిలిచింది, ఏ భాగం ముందు లొంగింది, అలా లొంగడం మంచిదేనా? నిలవడాన్నీ కూలడాన్నీ ఒకే ప్రశ్నతో చూడగలిగే విద్యార్థికి బెదురు కాదు, పని మీద గౌరవం పుడుతుంది. సివిల్ బ్రాంచి ఆకర్షణ కోల్పోవడానికి ఒక కారణం జీతాలైతే, మరో కారణం ఆ చదువు నిర్జీవమైన పట్టికలుగా మారడం. ఊళ్లు నిలబెట్టే పని అని తెలిస్తే చేరేవాళ్లు ఇప్పటికీ ఉంటారు.

మార్పు ఎక్కడ మొదలవ్వాలి

దీనికోసం కొత్త డిగ్రీలు, కొత్త విభాగాలు అక్కర్లేదు. ల్యాబ్ రికార్డులో ఒక గడి చేర్చాలి. క్యూబ్ పగిలిన ఫొటో, పగుళ్ల తీరు మీద రెండు వాక్యాలు. ప్రతి సబ్జెక్టులో యూనిట్‌కు ఒక్క వైఫల్యం నిర్ణయించి పాఠ్య ప్రణాళికలోనే రాయాలి. సాయిల్ మెకానిక్స్‌కు తెగిన చెరువుకట్ట, కాంక్రీటుకు భూకంపంలో విరిగిన పిల్లరు, నిర్మాణ పద్ధతులకు స్లాబు పోస్తుండగా కుంగిన సెంట్రింగ్. సెంట్రింగ్ లాంటి తాత్కాలిక ఏర్పాట్లకు ఐఎస్ 14687 అనే మార్గదర్శక ప్రమాణం ఉందన్న సంగతే తెలియకుండా డిగ్రీ పూర్తిచేసేవారున్నారు. మిడ్ పరీక్షల్లో ఒకదానికి లెక్క బదులు, అచ్చయిన విచారణ నివేదికలోని రెండు పేజీలిచ్చి ప్రశ్నలడగొచ్చు. నాలుగో ఏడాది ప్రాజెక్టుల్లో కొన్నింటిని కొత్త భవనం డిజైన్ నుంచి పాత కట్టడం తనిఖీకి మళ్లించవచ్చు. ఊరి కల్వర్టు, ఓవర్‌హెడ్ ట్యాంకు, చెరువు అలుగు, కాలేజీ హాస్టలే చాలు. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరికరం చాలా ల్యాబుల్లో ఇప్పటికే ఉన్నాయి, చాలావరకు బీరువాలో ఉన్నాయి. 2021 డ్యామ్ భద్రతా చట్టం వర్షాకాలానికి ముందూ తర్వాతా తనిఖీలు చేయమంటోంది. జలవనరుల శాఖలు చుట్టుపక్కల కాలేజీల విద్యార్థులను ఆ తనిఖీలకు వెంట తీసుకెళ్తే, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్టుకు కాస్త విలువొస్తుంది. శాఖకూ పనికొచ్చే కళ్లు దొరుకుతాయి.

ఇందులో అన్నీ ఒకేసారి జరగవు. అధ్యాపకుల్లో చాలామంది సైటు చూడకుండానే బోధనలోకి వచ్చినవారు. వారికి విశ్రాంత ఇంజినీర్లను జతచేయాలి. నివేదికలు తెలుగులో సారాంశాలుగా రావాలి, ఎందుకంటే చెరువుకట్ట మీద బుంగను మొదట చూసేది ఇంజినీరు కాదు, రైతు. ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుకోగలగాలి. ఇవన్నీ కాలం పట్టే పనులే. ప్రశ్నపత్రం మార్చడానికి మాత్రం కాలం పట్టదు. ‘ఖోస్లా సిద్ధాంతం వివరించండి’ అనే ప్రశ్న పక్కన ‘ఈ బ్యారేజీ కుంగింది, మీరు మొదట ఏం కొలుస్తారు, ఎందుకు?’ అనే ప్రశ్న వచ్చే సెమిస్టరుకే వేయొచ్చు. పరీక్ష ఏది అడిగితే మన విద్యార్థులు అది చదువుతారు. ఇన్నాళ్లూ జవాబు తెలిసిన ప్రశ్నలే అడిగాం, జవాబులు బట్టీ పట్టారు. కారణం అడిగిన ఏడాది నుంచి కారణం వెతుకుతారు.